వాకర్ ఎవలకు?

ఆదివారం పొద్దున హనుమకొండలో పెద్దమ్మ వాళ్లింటికి పోయేసరికి పొయ్యి మీద చాయ్ లేదు. అంటే గొడవైనట్టే. కాజీపేట లోకోషెడ్డులో పనిచేసి రిటైరైన మా పెద్దబాపు, ఇంటి వెనక రేకుల షెడ్డులో తలొంచుకుని బోల్టులు బిగిస్తున్నాడు. పెద్దమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఒక్కో కాయ ఫట్టుమని విరుగుతోంది.

ముందురోజు రాత్రి ఆయన ఫోన్‌లో మాట్లాడింది నాతోనే. పెద్దమ్మ తలుపు చాటునుంచి ఆయన మాటలే విన్నది. నావి వినలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

పెద్దమ్మ: రా బిడ్డా, కూసో. మీ పెద్దబాపు నాకు వాకర్ తయారు చేస్తున్నడు, చూసిపో.

పెద్దబాపు: నీకు కాదే! ఎన్నిసార్లు చెప్పాలె?

పెద్దమ్మ: మరి ఎవలకు? మోకాళ్ల నొప్పులు ఈ ఇంట్ల ఇంకెవలకున్నయి? ఫ్రిజ్జుకా?

పెద్దబాపు: అది రోబో. కొట్లాడే రోబో. చక్రాలు లేకుండ కాళ్ల మీద నడిచేదాన్ని ఆ పోటీల వాకర్ అంటరు.

పెద్దమ్మ: బరువు డబులున్నా ఏమనరు, వాకరే కదా అన్నవ్. ఈ చెవులతోనే విన్న. ఎవల బరువు డబులైంది?

పెద్దబాపు: రోబోది! కాళ్లు పెట్టాలంటే చక్రాలకన్నా ఎక్కువ సామాను పడతది. అందుకే చాలా పోటీలల్ల నడిచేదానికి బరువు కాడ కొంచెం వదులిస్తరు. అమెరికా టీవీల బ్యాటిల్‌బాట్స్ అని వచ్చేది. అండ్ల మామూలు రోబోకు 250 పౌండ్లు హద్దు. వాకర్‌కు 500 దాకా రానిచ్చిన్రు.

పెద్దమ్మ: పౌండ్లల్ల చెప్తే తెల్వదనుకున్నవా? కిలోలల్ల చెప్పు.

పెద్దబాపు: అది 113 కిలోలు, ఇది 227 కిలోలు.

పెద్దమ్మ: (నా దిక్కు తిరిగి) విన్నవా? నేను 227 కిలోలట.

నవ్వితే నాకు చాయ్ దొరకదని తెలుసు. అందుకే గోడ మీది క్యాలెండర్ చూశాను.

పెద్దమ్మ: "కాలు ఈడ్చుకుంట పోతే నడక కింద లెక్కియ్యరు" అన్నవా, లేదా?

పెద్దబాపు: అన్న. అది 2001ల ముచ్చట. సన్ ఆఫ్ వయాచీ అని ఒక రోబో. సరిగ్గ కాళ్లెత్తి వేసుడు లేదు, జరుక్కుంట జరుక్కుంట పోయి అదే బ్యాటిల్‌బాట్స్‌ల హెవీవెయిట్ పోటీ గెలిచింది. నడకని చెప్పి ఎక్కువ బరువు తెచ్చుకున్నదన్నట్టు. తర్వాత రూలు గట్టి చేసిన్రు.

పెద్దమ్మ: ఎవల కొడుకైతే నాకేంది? నేను కాలు ఈడ్చంగ నువ్వెన్నడు చూసినవ్? గుడికి పోయినా, పెండ్లికి పోయినా నాలుగు గజాలు ముందర నువ్వే నడుస్తివి. ఎనుకకు తిరిగి చూసింది ఎన్నడు?

దీనికి పెద్దబాపు దగ్గర జవాబు లేదు. స్క్రూడ్రైవర్ కోసం వెతికాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

పెద్దమ్మ: "బతుకమ్మలోపల నడిపిస్త" అన్నవ్. నేను ఎప్పుడు ఆగిన, నువ్వు నడిపించనీకి? పోయినేడు వేయిస్తంభాల గుడి కాడ రెండు గంటలు ఆడిన. నువ్వు చెప్పుల కాడ కూసొని కునికిపాట్లు పడ్డవ్.

పెద్దబాపు: చెప్పులకు కావలున్న.

ఇక మాటలతో పనికాదని ఆయన యంత్రాన్నే ఎత్తుకొచ్చి గచ్చు మీద పెట్టాడు. స్క్రాప్ దుకాణంలో కొన్న కారు వైపర్ మోటార్లు రెండు, అల్యూమినియం పట్టీలతో ఎనిమిది కాళ్లు, ముందర ఒక చిన్న సుత్తె. బోర్లించిన ఎండ్రకాయలా ఉంది.

పెద్దబాపు: నీ కుట్టుమిషన్ యాది చేసుకో. నువ్వు పాదంతోని తొక్కితే చక్రం తిరుగుతది కదా? ఇది దానికి ఉల్టా. మోటార్ చక్రాన్ని తిప్పుతది, చక్రం పాదాన్ని ఎత్తి ముందర ఏస్తది. ఒక కాలు నేల మీదున్నప్పుడు దాని జోడు కాలు గాల్లో ఉండాలె. గంతే.

పెద్దమ్మ: ఆగాగు. ఆ నల్లటి రాడ్ ఏంది?

పెద్దబాపు: ఏ రాడ్?

పెద్దమ్మ: మిషన్ తొక్కుడుపలక కాడి రాడ్! నెల రోజులసంది మిషన్ ఎందుకు తిరుగుతలేదా అని నేను నూనె పోసి పోసి సచ్చిన!

పెద్దబాపు: హాలెండ్ల థియో యాన్సెన్ అని ఒకాయన ఉన్నడు. 1990 నుంచి ప్లాస్టిక్ పైపులతోని సముద్రం ఒడ్డున నడిచే బొమ్మలు చేస్తున్నడు. మోటార్ లేదు, బ్యాటరీ లేదు. ఉత్త గాలికే నడుస్తయి.

పెద్దమ్మ: ఆయనవి గాలికి నడుస్తయి. నీది నా మిషన్‌కు నడుస్తది. బ్యాటరీ అంటే యాదికొచ్చింది, నా తొక్కు జాడీ ఏది?

నిజానికి జాడీ సంగతి నాకు ముందే తెలుసు. రోబోకు పెట్టిన లిథియం పాలిమర్ బ్యాటరీకి దెబ్బ తగిలినా, ఎక్కువ చార్జింగ్ ఎక్కినా ఉబ్బి అంటుకునే ప్రమాదం ఉంది. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు. అందుకే మంటంటుకోని పాత్రలో పెట్టి, పక్కనే ఉండి చార్జ్ చేస్తారు. పింగాణీ జాడీ, కింద ఇంత ఇసుక. ఆ సలహా ఇచ్చింది నేనే. మళ్లీ క్యాలెండర్ చూశాను.

పెద్దబాపు రిమోట్ నొక్కాడు. ఎండ్రకాయ కిర్రుమంది, లేచింది, మూడడుగులు వేసింది. నాలుగో అడుగుకు కాళ్లన్నీ గచ్చు మీద జారి, ఉన్నచోటనే ఈత కొట్టడం మొదలుపెట్టింది. ఎడమ వెనక కాలు గాలిలో ఊగుతూ ఆగిపోయింది.

పెద్దమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టి వంగి చూసింది.

పెద్దమ్మ: దీనికి కూడ ఎడమదేనా?

పెద్దబాపు: ఆఁ. ఆ మోకాలు కాడనే పట్టేస్తున్నది.

పెద్దమ్మ: పాపం.

లోపలికి పోయి, ఒక పాత హవాయి చెప్పు, కత్తెర తెచ్చింది. రబ్బరును ఎనిమిది ముక్కలు కోసింది. కొలత పెట్టలేదు, అన్నీ ఒక్కతీరుగానే వచ్చాయి.

పెద్దమ్మ: ఇవి పాదాలకు అంటియ్యి. ఉత్త రేకు పెడితే నున్నటి గచ్చు మీద జారకేమైతది? ముప్పయ్యేండ్లు రైలింజన్లకు చేసినవట, గింత తెల్వదా?

పెద్దబాపు: చెప్పు కొత్తదా, పాతదా?

పెద్దమ్మ: నీదే.

మధ్యాహ్నానికి అది గడపదాకా నడిచింది. నాకు చాయ్ దొరికింది, సర్వపిండి కూడా దొరికింది. గొడవ మాత్రం తెగలేదు.

పెద్దమ్మ: అంతా సరే. "పది లెక్కపెట్టేలోపల కదలకుంటే అయిపోయినట్టే" అన్నదెవల గురించి?

పెద్దబాపు: రోబో గురించే! పడిపోతే పది దాకా లెక్కపెడతరు. కదలకుంటే ఓడినట్టు.

పెద్దమ్మ: నాకు సోఫాలకెల్లి లేవనీకి ఇరవై పడతది. అంటే నేనెప్పుడో ఓడిపోయిన్న?

పెద్దబాపు: లేచి చూడు, లెక్కపెడత.

ఆమె పంతంతో సోఫా చెయ్యి పట్టుకుని లేవబోయింది. ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

పెద్దబాపు: ఒకటి... రెండు... మూడు... మూడు... మూడున్నర... నాలుగు... ఏందది, నాలుగైందా? మళ్ల నాలుగు...

పెద్దమ్మ: (సగం లేచి) రైల్వేల గిట్లనే లెక్కలు రాసినవా?

పెద్దబాపు: నాలుగుంబావు...