సవరణ: ‘మిసెస్ డౌట్‌ఫైర్’ ముగింపు

రాబిన్ విలియమ్స్ సినిమా ‘మిసెస్ డౌట్‌ఫైర్’ (1993) మీద పెట్టిన పోస్టులో “చివరికి భార్యాభర్తలు కలిసిపోతారు” అన్న వాక్యం తీసేశాను. కలిసిపోయేది ‘భామనే సత్యభామనే’లో, అంటే కమల్‌హాసన్ తమిళ సినిమా ‘అవ్వై షణ్ముగి’ (1996) తెలుగు డబ్బింగ్‌లో.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే అసలు కథలో భర్త డేనియల్ (విలియమ్స్), భార్య మిరాండా విడిపోయినవాళ్లు విడిపోయినట్టే ఉంటారు. పిల్లల దగ్గర ఉండటానికి డేనియల్ వేసిన ముసలి ఆయా వేషం బయటపడ్డాక జడ్జి ముగ్గురు పిల్లల్నీ తల్లికే అప్పగిస్తాడు. తండ్రి వాళ్లని చూడాలన్నా పక్కన ఒకరు కాపలా ఉండాల్సిందే. ఆఖర్న మిరాండాయే మెత్తబడి, బడి అయ్యాక రోజూ పిల్లలు తండ్రి దగ్గర ఉండేలా ఏర్పాటు చేస్తుంది. అంతవరకే. నాకైతే ఈ ముగింపే నచ్చింది, మనవాళ్లు ఒప్పుకోకపోయినా.

ఇంకోటి, ఈ సినిమాకి ఆస్కార్ వచ్చింది మేకప్‌కి, నటనకు కాదు. విలియమ్స్‌కి దక్కింది గోల్డెన్ గ్లోబ్.

కేక్ సీను గురించి రాసింది మాత్రం అలాగే ఉంచాను. డేనియల్ ఆయా మాస్కు కిటికీలోంచి రోడ్డు మీద పడి లారీ కింద నలిగిపోతే, ఫ్రిజ్‌లో కేకులో ముఖం ముంచుకుని వచ్చేస్తాడు. ఆ క్రీము కారి, కోర్టు తరఫున అతని ఇంటి తనిఖీకి వచ్చినావిడ టీ కప్పులో టపటపా పడుతుంది!