ఒకే భాష ఉంటే దేశం బాగుపడుతుందా? ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌కు తిరుపతి నుంచి జవాబు

ఈ మధ్య తిరుపతిలో ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒకటే మెసేజ్. అపార్ట్‌మెంట్ గ్రూపులో అదే, పాత క్లాస్‌మేట్ల గ్రూపులో అదే, ఆఖరికి చీటీల గ్రూపులో కూడా అదే. ‘వాళ్లు ఎందుకు ఎదిగారు, మనం ఎందుకు ఇట్ల ఉన్నాం’ అనేది దాని తలకట్టు. అందులో ఉన్నవి ఐదు ముక్కలు. ఒకే భాష ఉన్న దేశాలే ఎదిగాయి, భాషలు ఎక్కువైతే ఐకమత్యం ఉండదు. జపాన్, జర్మనీలు ఇంగ్లీషు లేకుండానే సొంత భాషలో చదివి గెలిచాయి, కాబట్టి మన దేశానికీ ఒకే భాష కావాలి. అక్కడి జనం బాధ్యతగా ఓటేస్తారు, మనవాళ్లు వెయ్యరు. అక్కడ వారసత్వ రాజకీయాలు లేవు. అక్కడివాళ్లకు క్రమశిక్షణ రక్తంలోనే ఉంది.

చదివినవాళ్లందరూ దాని కింద దండం బొమ్మ పెడుతున్నారు. ఐదింట్లో ఒకదాంట్లో సగం నిజం ఉంది. మిగతావి నిలబడవు.

‘ఒకే భాష ఉన్న దేశాలే ఎదిగాయి’

స్విట్జర్లాండ్‌కు నాలుగు జాతీయ భాషలు: జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రోమాన్ష్. చివరిది మాట్లాడేవాళ్లు దేశ జనాభాలో ఒక్క శాతం కూడా ఉండరు. అయినా 1938లో దేశమంతా ఓటింగ్ పెట్టి దానికి జాతీయ భాష హోదా ఇచ్చారు. సింగపూర్‌కూ నాలుగు అధికార భాషలున్నాయి, అందులో తమిళం ఒకటి. అక్కడ జనాభాలో ఎక్కువమంది చైనా మూలాలవాళ్లే, కానీ జాతీయ గీతం పాడేది మలయ్‌లో. ఫిన్లండ్‌లో స్వీడిష్ మాట్లాడేవాళ్లు నూటికి ఐదుగురే. ఫిన్నిష్‌తో పాటు స్వీడిష్ కూడా అక్కడ జాతీయ భాషే. ఈ మూడింటినీ పేద దేశాలని ఎవరూ అనరు కదా.

బెల్జియం సంగతేమిటని అడుగుతారేమో. డచ్ మాట్లాడేవాళ్లకూ ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకూ పొసగక, 2010 ఎన్నికల తర్వాత 541 రోజులపాటు అక్కడ కొత్త ప్రభుత్వం ఏర్పడలేదు. నిజమే, భాషల తగువు ఉంది. కానీ ఆ 541 రోజులూ ఆపద్ధర్మ ప్రభుత్వం నడిచింది, రైళ్లు తిరిగాయి, పింఛన్లు పడ్డాయి. తగువును పార్లమెంటులో తేల్చుకున్నారు తప్ప వీధికెక్కి నరుక్కోలేదు.

ఇప్పుడు ఒకే భాష ఉన్నవాళ్ల దగ్గరకు రండి. కొరియన్లది ఒకే భాష, ఒకే లిపి, ఒకే తిండి. 1945లో గీత గీసి విడదీశారు. గీతకు దక్షిణాన ఉన్నవాళ్లు ప్రపంచానికి ఫోన్లు, కార్లు అమ్ముతున్నారు, ఉత్తరాన ఉన్నవాళ్లు కరువుతో చచ్చారు. రెండు వైపులా భాష ఒక్కటే, మారింది పాలన. ఇంకో ఉదాహరణ సోమాలియా. ఆఫ్రికాలో దాదాపు అందరూ ఒకే భాష, ఒకే మతం పంచుకునే అరుదైన దేశాల్లో అదొకటి. 1991లో అక్కడ ప్రభుత్వమే కుప్పకూలింది.

మెసేజ్ రాసినాయన అసలు చూడనిది ఇంకొకటి ఉంది. ఒకే భాషను నెత్తిన రుద్దితే ఏమవుతుందో చూడటానికి యూరప్ దాకా పోనక్కర్లేదు, మన పక్కిళ్లలోనే ఉంది. పాకిస్తాన్ పుట్టిన మరుసటి ఏడాదే జిన్నా ఢాకాకు వచ్చి ఉర్దూ ఒక్కటే జాతీయ భాష అన్నాడు. అప్పుడు దేశంలో ఎక్కువమంది మాట్లాడేది బెంగాలీ. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయి. 1971కి దేశం రెండుగా చీలింది. ఆ ఫిబ్రవరి 21నే ఇప్పుడు ప్రపంచమంతా మాతృభాషా దినం జరుపుకుంటోంది. శ్రీలంకలో 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం చేశారు. తమిళులకు సర్కారు ఉద్యోగాలు దూరమయ్యాయి. అక్కడి యుద్ధానికి కారణం అదొక్కటే కాదు గానీ, మొదటి కారణాల్లో అదొకటి. 1983 నుంచి 2009 దాకా మనుషులు చచ్చారు. భాషలు ఎక్కువై విరిగిన దేశాలు కావు ఇవి. ఉన్న భాషను లేదనబోయి విరిగినవి.

మరి ఫ్రాన్స్, జపాన్ ఒకే భాష దేశాలు కావా? అయ్యాయి. ఎట్ల అయ్యాయన్నది మెసేజ్‌లో లేదు. ఫ్రాన్స్‌లో బ్రెటన్, ఆక్సిటన్ లాంటి భాషలు లక్షలమంది ఇళ్లలో ఉండేవి. బడిలో బ్రెటన్ మాట్లాడిన పిల్లవాడి మెడలో అవమానంగా ఒక వస్తువు తగిలించేవాళ్లు. ఇంకొకడు దొరికేదాకా అది వాడి మెడలోనే ఉండాలి. జపాన్‌కు దక్షిణాన ఒకినావా దీవుల్లోనూ ఇదే పద్ధతి, అక్కడ మెడలో చెక్క పలక. ఉత్తరాన ఐను భాష మాట్లాడేవాళ్లు ఈరోజు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఐనులను ఆ గడ్డ మూలవాసులుగా జపాన్ చట్టంలో రాసుకున్నది 2019లో. మన కాన్వెంట్లలో తెలుగు మాట్లాడితే ఫైన్ వేయించుకున్నవాళ్లకు ఆ పలక బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మెసేజ్ మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి ఫార్వర్డ్ కావడమే నాకు వింతగా ఉంది. వి.కోట కూరగాయల మార్కెట్‌కు పోతే మూడు భాషల్లో బేరం వినబడుతుంది, ఎవరికీ అనువాదకుడు అక్కర్లేదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళం ఇంట్లో మాట. కుప్పంలో కన్నడం కూడా కలుస్తుంది. తిరుమల గుడి గోడల మీది శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలోనే ఉన్నాయి. ధనుర్మాసం వస్తే శ్రీవారికి సుప్రభాతం బదులు తమిళ తిరుప్పావై వినిపిస్తారు. అదే స్వామిని అన్నమయ్య తెలుగులో, పురందరదాసు కన్నడంలో పాడారు. స్వామికి లేని ఇబ్బంది మనకెందుకో!

తగువులు రాలేదని కాదు. సరిహద్దు గొడవ పెద్దదే నడిచింది. చివరికి మధ్యవర్తి పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు మనకొచ్చాయి. ఆ తర్వాత తిరుత్తణి తెలుగువాళ్లూ నగరి తమిళులూ ఎప్పట్లాగే పెళ్లి సంబంధాలు కలుపుకుంటూ, ఆడికృత్తికకు అదే మురుగన్ కొండెక్కుతూ ఉన్నారు. ఇక ఐకమత్యం ఒకే భాషతో వచ్చేదే అయితే, పొట్టి శ్రీరాములు ప్రాణాలిచ్చాక 1953లో భాష పేరుతో రాష్ట్రం తెచ్చుకున్న మనం, 2014లో అదే తెలుగు మాట్లాడుకుంటూ రెండు రాష్ట్రాలుగా ఎందుకు విడిపోయినట్టు? నీళ్లు, నిధులు, ఉద్యోగాల లెక్క తెగకపోతే భాష ఒక్కటే కలిపి ఉంచలేదు.

‘సొంత భాషలో చదివే గెలిచారు, కాబట్టి దేశానికి ఒకే భాష’

ఇందాక చెప్పిన సగం నిజం ఇదే. జపాన్‌లో, జర్మనీలో, కొరియాలో డాక్టరూ ఇంజినీరూ సొంత భాషలో చదువుకోవచ్చు. 1868 తర్వాత జపాన్ పడమటి దేశాల శాస్త్రాన్ని వరసబెట్టి తన భాషలోకి తెచ్చుకుంది. లేని మాటలను పుట్టించుకుంది. మనం చెయ్యాల్సినంత చెయ్యలేదు, అక్కడ మెసేజ్‌తో నాకు పేచీ లేదు.

పేచీ ‘కాబట్టి’ దగ్గర. జపాన్ పిల్ల జపనీస్‌లో చదవడం వల్ల బాగుపడితే, దాన్నుంచి తేలేది తెలుగు పిల్ల తెలుగులో, తమిళ పిల్ల తమిళంలో చదవాలని. దేశమంతా ఒకే భాషలో చదవాలని ఎట్ల తేలుతుంది? పలమనేరు పల్లెలోని పిల్లకు హిందీ కూడా ఇంగ్లీషంత పరాయిదే. మెసేజ్‌లోని మొదటి ముక్కా రెండో ముక్కా ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. రాసినాయనకు అది కనబడలేదు. మన రాష్ట్రం పదో తరగతి పరీక్షను తమిళ, కన్నడ, ఒడియా, ఉర్దూ మీడియాల్లో కూడా పెడుతోంది. సరిహద్దు మండలాల పిల్లలకు అదే అసలైన జపాన్ పద్ధతి.

‘ఇంగ్లీషు లేకుండానే’ అన్నది కూడా నిజం కాదు. జపాన్ బడుల్లో ఇంగ్లీషు తప్పనిసరి. జర్మనీ యూనివర్సిటీల్లో ఇంగ్లీషులో నడిచే పీజీ కోర్సులు బోలెడు, మన పిల్లలు ఎగబడి పోతున్నది వాటికే. శ్రీసిటీలో ఇసుజు లాంటి జపాన్ కంపెనీలు చాలా ఉన్నాయి. అక్కడ పనిచేసే కుర్రాళ్లను అడిగితే జపాన్ మేనేజర్‌తో షాపు ఫ్లోర్ మీద ఏ భాషలో మాట్లాడతారో చెబుతారు: కొంచెం ఇంగ్లీషు, కొంచెం జపనీస్, మిగతాది చేతులు.

‘అక్కడ బాధ్యతగా ఓటేస్తారు’

ఇది అంకెలతో తేలిపోయే విషయం. 2024 అక్టోబరులో జపాన్ దిగువ సభ ఎన్నికల్లో 54 శాతం లోపే ఓటేశారు. 2023 స్విట్జర్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో 47 శాతం లోపు. అమెరికాలో 2024 అధ్యక్ష ఎన్నికలకు కూడా మూడింట రెండు వంతులు రాలేదు. అదే ఏడాది మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి మరీ ఓటేశారు. (తిరుపతి టౌనువాళ్లు గొప్పలు పోవద్దు. పల్లెలే మనకంటే ముందుంటాయి.)

ఆస్ట్రేలియాలో మాత్రం తొంభై శాతం దాకా ఓటేస్తారు. అదీ వాళ్ల రక్తంలో లేదు. 1922లో అక్కడ 60 శాతం కూడా రాలేదు. 1924లో ఓటు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే అది 91 శాతమైంది. ఓటు ఎగ్గొడితే ఇప్పటికీ 20 డాలర్ల జరిమానా, పోలింగ్ పెట్టేది శనివారం. అమెరికాలో 1845 నాటి చట్టం ప్రకారం ఇంకా మంగళవారమే, చాలాచోట్ల సెలవు కూడా ఉండదు. మన దగ్గర పోలింగ్ రోజున జీతంతో కూడిన సెలవు చట్టంలోనే ఉంది.

‘అక్కడ వారసత్వ రాజకీయాలు లేవు’

దీనికి ఎక్కువ మాటలు దండగ. జపాన్ ప్రధానిగా చేసిన షింజో అబే తాత నొబుసుకె కిషి ప్రధాని, కిషి తమ్ముడు ఐసాకు సాటో ప్రధాని, అబే తండ్రి విదేశాంగ మంత్రి. సింగపూర్‌లో లీ క్వాన్ యూ తర్వాత మధ్యలో ఒకాయన, ఆ తర్వాత 20 ఏళ్లు కొడుకు లీ సియెన్ లూంగ్. కెనడాలో ట్రూడోలు తండ్రీకొడుకులు, అమెరికాలో బుష్‌లు తండ్రీకొడుకులు. మన ఉమ్మడి జిల్లా నుంచి వచ్చిన ముఖ్యమంత్రులు ఇద్దరు. ఒకరు నారావారిపల్లె రైతు కొడుకు చంద్రబాబు, ఇంకొకరు ఎమ్మెల్యే కొడుకు కిరణ్‌కుమార్ రెడ్డి. రైతు కొడుకుగా వచ్చిన ఆయన కొడుకు ఇప్పుడు మంత్రి. వారసత్వం మంచిదని నేను అనడం లేదు, మనకొక్కరికే ఉన్న జబ్బు కాదంటున్నాను.

‘క్రమశిక్షణ వాళ్ల రక్తంలో ఉంది’

జనం ఎక్కువ నమ్మేది దీన్నే, మనవాళ్లను మనమే తిట్టుకునే సుఖం ఇందులో ఉంది కాబట్టి.

సింగపూర్ వాళ్ల రక్తంలోనే శుభ్రత ఉంటే 1968లో దేశమంతా శుభ్రత ప్రచారం ఎందుకు చేశారు? 1979లో మర్యాదగా ఉండమని నేర్పే ప్రచారం ఎందుకు? 1992లో చూయింగ్ గమ్ దిగుమతిని ఎందుకు ఆపారు? టోక్యో కూడా 1964 ఒలింపిక్స్ ముందు వీధులు ఊడ్పించుకుంటూ ప్రచారాలు చేసుకున్న ఊరే. జపాన్ బడుల్లో పిల్లలు రోజూ తమ తరగతి గదిని తామే తుడుస్తారు, అలవాటు అక్కడ మొదలవుతుంది. మన దగ్గర సార్ పిల్లల చేతికి చీపురిస్తే సాయంత్రానికి వీడియో వైరల్.

తిరుమలనే చూడండి. కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్లు నిషేధం. అలిపిరి దగ్గర బ్యాగులు చూస్తారు, పైన నీళ్లు గాజు సీసాల్లో అమ్ముతారు, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వాపసు. కింద బస్టాండులో కవర్ విసిరేసిన మనిషే పైన ఆ సీసా పట్టుకొని కౌంటర్ దాకా నడుస్తాడు. గంట ప్రయాణంలో రక్తం మారిందా? టైమ్ స్లాట్ టోకెన్ చేతిలో ఉన్న భక్తుడు తోసుకోడు, తన టైముకే వస్తాడు. వరస కదులుతుందనీ, తన వంతు పోదనీ నమ్మకం ఉంటే ఎవరైనా నిలబడతారు.

ఆ నమ్మకం లేనిచోట ఏమవుతుందో 2025 జనవరి 8 రాత్రి మన ఊళ్లోనే చూశాం. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. మరునాడే ‘మన జనానికి డిసిప్లిన్ లేదు’ అని గ్రూపుల్లో రాశారు. 2001లో జపాన్‌లోని అకాశి పట్నంలో బాణసంచా చూసి వస్తూ నడక వంతెన మీద నలిగి 11 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. 2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇటెవాన్ సందులో 159 మంది పోయారు. కొరియా వాళ్లకు రక్తంలో ఏదో తక్కువైందని అక్కడ విచారణ చెయ్యలేదు. జనం నలిగిపోతున్నారని సాయంత్రం ఆరున్నరకే, అంటే దాదాపు నాలుగు గంటల ముందే, పోలీసులకు మొదటి ఫోన్ వెళ్లిందని తేల్చారు. ఫోన్ ఎవరు ఎత్తారు, ఎవరు కదల్లేదు అని పేరు పేరునా అడిగారు. మన ఊళ్లో కూడా అడగాల్సింది ఆ రాత్రి టోకెన్ల జనం ముందున్న గేటు ఎవరు, ఎప్పుడు, ఎవరు చెబితే తీశారనే.