ఒండ్రు మన దగ్గరే ఆగితే ఆ ఉప్పు నేలలు ఏం తిని బతకాలి?

తీరంలోని ఉప్పు చిత్తడి నేలల గురించి రాస్తే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అందరికీ నవ్వులాటగా ఉంది. "ముందు మన భద్రకాళి చెరువు సంగతి చూడు బావా, సముద్రం సంగతి సముద్రం ఉన్నవాళ్లు చూసుకుంటారు" అని ఒకాయన సలహా. చెరువు సంగతీ చూద్దాం. కానీ వరంగల్‌లో నల్లా తిప్పితే వచ్చేది గోదావరి నీళ్లే కదా, ఆ నది చివర ఏం జరుగుతోందో మనకు అక్కర్లేదా?

ఉప్పు చిత్తడి అంటే సముద్రపు పోటుకు మునిగి, ఆటుకు తేలే నేల. చెట్లుండవు. మోకాలెత్తు కూడా లేని ఇలకూర లాంటి మొక్కలు, వాటి మధ్య పీతల బొరియలు. ఇలకూర ఆకు సన్నగా, కండపట్టి ఉంటుంది. నలిపితే నీరు కారుతుంది, నాలుకకు ఉప్పగా తగులుతుంది, ముదిరితే ఎర్రబడుతుంది. మనవాళ్లు కాకినాడ దగ్గరి కోరింగ వెళ్లి మడచెట్ల మధ్య చెక్కవంతెన మీద ఫోటోలు దిగుతారు. ఇలాంటి ఎర్ర నేల కనిపిస్తే మాత్రం ఉత్త ఖాళీ జాగా అనుకుంటారు. మొక్క నాటితే పుణ్యమనే ఊపులో వలస పక్షులు మేసే బురద మీద కూడా మడ మొక్కలు గుచ్చేవాళ్లున్నారు. వాళ్లనేమనాలి!

చట్టం లేక కాదు. 2011, 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) ప్రకటనలు రెండూ ఈ ఉప్పు చిత్తడి నేలలను అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చాయి. అయినా రొయ్యల చెరువు కోసం గట్టు వేసి పోటు నీటిని ఆపేస్తే ఆ నేల పని అయిపోయినట్టే. వందల ఏళ్లుగా గాలి తగలక కుళ్లకుండా ఉన్న వేర్లూ ఆకులూ తవ్వకంతో బయటపడి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ఆ రొయ్యలు హన్మకొండ బిర్యానీల్లోకీ వస్తాయని వేరే చెప్పాలా?

అసలు దెబ్బ ఒండ్రు దగ్గర ఉంది. సముద్రమట్టం పెరిగేకొద్దీ ఈ నేల కూడా పెరగాలి, పెరగాలంటే నది తెచ్చే ఒండ్రు కావాలి. శ్రీరాంసాగర్ మొదట 112 టీఎంసీల జలాశయం. 1994 సర్వే నాటికే 90కి దిగింది. తగ్గినంత మేరా పూడికే. పైన జాయక్వాడి, కింద ధవళేశ్వరం, మధ్యలో ఎన్నో. మిషన్ కాకతీయ రోజుల్లో చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్న జిల్లా మనది. ఒండ్రు విలువ మనకొకరు చెప్పాలా?

ఆనకట్టలు కూల్చమనడం లేదు. శ్రీరాంసాగర్ (ఎస్సారెస్పీ) కాలువ లేకపోతే మా ఊళ్లో వరి నాట్లే లేవు. కానీ పైనుంచి ఒండ్రు తగ్గిన ఉప్పు నేలకు, సముద్రం ముందుకొచ్చినప్పుడు వెనక్కి జరిగే దారైనా ఉండాలి. వెనక గట్టో రోడ్డో అడ్డుంటే అది అక్కడే మునుగుతుంది. తెల్లమచ్చ తెగులు వచ్చి తొంభైలలో వదిలేసిన రొయ్యల చెరువులు తీరంలో ఉన్నాయి. కోట్లు పోసి మొక్కలు నాటే బదులు, తగినచోట ఆ గట్లకు గండి కొట్టి పోటును లోపలికి రానిస్తే విత్తనాలు నీటితోనే వస్తాయి.

ఇక గోదావరి నదీ యాజమాన్య బోర్డు. టీఎంసీల కోసం రెండు రాష్ట్రాలూ ఎంత కొట్లాడుకున్నా సరే, ఏటా ఎంత ఒండ్రు ఎక్కడ ఆగుతోందో కూడా అక్కడ లెక్క తేలాలి. ఆ లెక్క అడగాల్సింది ముందు మనమే, ఒండ్రు ఆగింది మన దగ్గర కాబట్టి.