పాలోళ్లంటే పాలు పోసేవాళ్లు కాదు

ఆదివారం ఊరి నుంచి ఫోన్. మా పాలోళ్లలో పెద్దాయన కాలం చేశారు. "మనకూ మైలే, దీపం పెట్టకు" అని మా ఆవిడతో అంటుంటే తొమ్మిదేళ్ల పాప వచ్చి అడిగింది: "నాన్నా, పాలోళ్లంటే పాలు పోసేవాళ్లా?"

తప్పు దానిది కాదు. బెంగళూరు వచ్చాక ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు అన్నాం గనుక! మనసు చివుక్కుమంది.

కూర్చోబెట్టుకుని చెప్పాను. ఈ పాలు అంటే వాటా. తాతముత్తాతల ఆస్తిలో పాలున్న దాయాదులే పాలోళ్లు. తాగే పాలు ఎప్పుడూ బహువచనమే, 'పాలు విరిగాయి' అంటాం. వాటా అయితే ఒక పాలు, రెండు పాళ్లు. సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగు పాళ్లు. నూటికి నూరుపాళ్లు అనేది కూడా ఇదే. ఎదురు ఫ్లాట్ కన్నడ ఆంటీకి ఈ తికమకే లేదు: తాగేవి హాలు, వాటా పాలు, వ్యాపారంలో భాగస్తుడు పాలుదార. పాత 'ప' చాలా మాటల్లో కన్నడంలో 'హ' అయింది. పులి హులి, పాము హావు, మన 'పంచు' వాళ్ల 'హంచు'. తమిళంలోనూ పాల్ అంటే భాగమే, తిరుక్కురళ్‌లో ఉన్నవి మూడు పాల్‌లు.

ఇప్పుడు అందరి నోటా షేర్ ఒక్కటే. ఫోటో షేర్, లొకేషన్ షేర్. షేర్ చేస్తే నా దగ్గర తగ్గేదేమీ లేదు. పంచితే తగ్గుతుంది. అన్నం పంచినా, పొలం పంచినా అంతే. ఆ తేడా తెలియకుండా పిల్లలు పెరగడం నాకు నచ్చడం లేదు.

పాలోళ్లనగానే చాలామందికి గట్టు తగాదాలు, కోర్టు వాయిదాలే గుర్తొస్తాయి. దాయాది అన్న సంస్కృత మాటకూ వారసత్వపు సొత్తు పుచ్చుకునేవాడనే అర్థం. కానీ మా ఊళ్లో పాలోళ్లకు పొలంలోనే కాదు, పురిటిలోనూ చావులోనూ పాలుంది. మా తాత పోయినప్పుడు, అంతకుముందు ఏడాదిగా మాతో మాటల్లేని పాలాయనే అందరికంటే ముందొచ్చి పాడె కట్టాడు. ఎవరూ పిలవలేదు. మైల ఆయనకూ ఉంది, అంతే.

"అయితే నేనూ పాలోళ్లలో ఉన్నానా?" అంది పాప.

పెళ్లయిన ఆడపిల్ల మైల అత్తారింటిదే అనేవాళ్లు మా పెద్దలు. హిందూ వారసత్వ చట్టం మాత్రం 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పాలు ఉందని తేల్చింది. "ఉన్నావమ్మా" అన్నాను.

శుక్రవారం రాత్రి బస్సుకు కర్మకు బయలుదేరుతున్నాం. స్కూలు పోతే పోయింది, దాన్నీ తీసుకెళ్తున్నా.