పాలూ గుడ్లూ తింటే రాని కండలు

ఒకే ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. తర్వాత ఆఫీసు గ్రూపులో. మూడోసారి మా బావమరిది పంపాడు. నిన్న రాత్రి పదకొండింటికి మళ్లీ బ్యాచ్ గ్రూపులోనే, మొదట పంపినవాడే, "మిస్ అయినవాళ్ల కోసం" అంటూ వదిలాడు. "80, 90ల డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వీరులు: ఈ తరానికి తెలియని నిజాలు" అని దాని పేరు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంటే గెలుపోటములు ముందే రాసుకుని ఆడే అమెరికా కుస్తీ షోల కంపెనీ. పైన హోగన్ బనియన్ చింపుకుంటున్న ఫొటో. కింద ర్యాంకులు: హోగన్, ఆండ్రే, అల్టిమేట్ వారియర్, అండర్‌టేకర్, యోకోజునా. చివర్లో "మీ పిల్లలకు తప్పక చూపించండి" అని మూడు దండాలు.

ఆ లిస్టు ఎక్కడిదో చూడగానే అర్థమైంది. ట్రంప్ కార్డులు! ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. ఎవరి అంకె పెద్దదైతే కార్డు వాళ్లది. ఇంటర్వెల్‌లో నేనూ ఆడాను. యోకోజునా చేతికొస్తే కళ్లు మూసుకుని బరువు చెప్పేసేవాణ్ణి. పన్నెండేళ్ల వయసులో అది సరే. నలభై దాటాక కూడా అదే తూకమా?

సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

"ఆండ్రే 15 ఏళ్లు ఓటమి ఎరుగడు. అతన్ని ఎత్తి కుదేసిన మొదటి మగాడు హోగన్." ఇది 1987లో హోగన్, ఆండ్రే తలపడిన రెజిల్‌మేనియా 3 అనే పెద్ద షో టికెట్లు అమ్ముకోవడానికి కంపెనీ అల్లిన కథ. ఆండ్రేని హోగనే 1980లో న్యూయార్క్ షే స్టేడియంలో ఒకసారి ఎత్తి పడేశాడు. అప్పుడు హోగన్ విలన్, కాబట్టి దాన్ని అందరూ మరిచిపోవడం కంపెనీకి సుఖం. మెక్సికోలో ఎల్ కానెక్ 1984లో ఎత్తాడు, గెలిచాడు కూడా. 1986లో జపాన్‌లో ఇనోకి చేతిలో ఆండ్రే లొంగిపోయాడు. పోస్టర్ మీది మాటని చరిత్ర అనుకుంటే ఎలా?

"ఆ రోజు 93,173 మంది వచ్చారు." రెజిల్‌మేనియా 3కి కంపెనీ చెప్పిన లెక్క అది. రెజ్లింగ్ మీద దశాబ్దాలుగా రాస్తున్న డేవ్ మెల్ట్‌జర్ 78 వేలంటాడు. 78 వేలైనా తక్కువేం కాదు, వదిలేయండి.

"అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలు. హిందీ సినిమాలో అక్షయ్ కుమార్‌తో కొట్టుకున్నాడు." ఏడు ప్రాణాల సంగతి మా స్కూల్ వెనక బెంచీలో పుట్టిందనే నా అనుమానం. 1996 నాటి ఆ సినిమాలో ఉన్నది బ్రయాన్ లీ అనే వేరే రెజ్లర్. తర్వాతది.

"రిక్ ఫ్లెయిర్, శావేజ్ లాంటివాళ్లు మాటకారులే తప్ప బలం లేదు." ఇక్కడ నాకు నిజంగా మండింది. 1975లో విమానం కూలి ఫ్లెయిర్‌కి వెన్నెముక మూడు చోట్ల విరిగింది. కొన్ని నెలల్లో మళ్లీ రింగులోకి దిగాడు. 1981లో డస్టీ రోడ్స్‌ని ఓడించి ఎన్‌డబ్ల్యూఏ అనే మరో కుస్తీ సంఘానికి చాంపియన్ అయ్యాడు. ఆ చాంపియన్ ఉద్యోగం ఎలాంటిదో ఫార్వర్డ్ రాసినవాడికి తెలిసుంటే ఆ వాక్యం రాయడు. ఊరూరా తిరగాలి. ప్రతి ఊళ్లో అక్కడి హీరోతో గంటసేపు ఆడాలి. "ఇంకొక్క దెబ్బ పడితే మనవాడు గెలిచేవాడు" అని ఆ ఊరి జనం నమ్ముతూ ఇంటికెళ్లాలి. అవతలివాడు బండరాయిలా కదలకపోయినా అతన్ని వీరుడిలా చూపించే బాధ్యత చాంపియన్‌దే. 1989లో రికీ స్టీమ్‌బోట్‌తో మూడు మ్యాచ్‌లున్నాయి: ఫిబ్రవరిలో షికాగో, ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్, మే నెలలో నాష్‌విల్. న్యూ ఆర్లీన్స్‌ది దాదాపు 55 నిమిషాలు. అప్పటికి ఫ్లెయిర్ నలభై నిండినవాడు. వారియర్‌ని అంతసేపు నిలబెట్టండి చూద్దాం. రింగు దాకా పరిగెత్తుకొచ్చేసరికే ఆయాసం ఆయనకి.

శావేజ్ సంగతా? 93,173 మంది వచ్చారని మీరు రాసిన అదే రెజిల్‌మేనియాలో, అదే రింగులో, హోగన్ కంటే ముందు శావేజ్, స్టీమ్‌బోట్ పావుగంట ఆడారు. ప్రతి అడుగూ శావేజ్ ముందే రాసుకుని, స్టీమ్‌బోట్‌తో బట్టీ పట్టించాడు. మన నాటకాలవాళ్లు కూడా అంత రిహార్సల్ చేయరేమో. ఆ షోలో కుస్తీ ఏదంటే ఈ రోజుకీ జనం చెప్పేది ఆ పావుగంటే.

ఇక అసలు పాయింటు. "అప్పటివాళ్లవి సహజమైన శరీరాలు. పాలు, గుడ్లు, క్రమశిక్షణ. ఇంజెక్షన్లు ఇప్పటివాళ్ల రోగం."

దీనికే పిల్లలకు చూపించమన్నారు, మూడు దండాలు పెట్టి మరీ.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పోటీల్ని పర్యవేక్షించే అథ్లెటిక్ కమిషన్ తరఫున మ్యాచ్‌లకు వచ్చే డాక్టర్ ఒకడుండేవాడు, జార్జ్ జహోరియన్. రెజ్లర్ల ఆరోగ్యం చూడటం అతని పని. చేసింది వాళ్లకి స్టెరాయిడ్లు, అంటే కండలు పెంచే మందులు అమ్మడం. 1991లో కోర్టు దోషిగా తేల్చింది. ఆ వేసవిలోనే హోగన్ టీవీలో ఒక టాక్ షోలో కూర్చుని, ఏదో గాయానికి డాక్టర్ ఇస్తే వాడాను తప్ప నాకు ఆ అలవాటు లేదన్నాడు. 1994లో కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ మీద స్టెరాయిడ్ల కేసు విచారణకొచ్చింది. అక్కడ ప్రమాణం చేసి, ఏళ్ల తరబడి వాడానని అదే హోగన్ ఒప్పుకున్నాడు. మెక్‌మాన్ నిర్దోషిగా బయటపడ్డాడు, అది వేరే విషయం. ప్రార్థన చేయండి, విటమిన్లు వేసుకోండి అని పిల్లలకి వారం వారం చెప్పిన మనిషి ఇతను. విటమిన్లట!

డైనమైట్ కిడ్ అనే రెజ్లర్ మీ లిస్టులో లేడు. ఎత్తు తక్కువ కదా, ట్రంప్ కార్డులో ఓడిపోతాడు. నా లెక్కలో 80ల్లో అతనంత వేగంగా, పదునుగా కదిలినవాడు ఇంకొకడు లేడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన బక్కవాడు, పెద్దవాళ్ల మధ్య నెగ్గాలని స్టెరాయిడ్లతో ఒళ్లు పెంచాడు. 1986లో వెన్ను దెబ్బతింది. చివరి ఏళ్లు వీల్‌చైర్‌లోనే గడిచాయి. అతని కజిన్, బ్రిటిష్ బుల్‌డాగ్ అనే పేరుతో ఆడినవాడు, 39 ఏళ్లకే పోయాడు. అప్పటి రెజ్లర్లే, రిక్ రూడ్ 40కి, కర్ట్ హెన్నిగ్ 44కి. అన్నిటికీ స్టెరాయిడ్లే కారణమని నేననను. నొప్పి మాత్రలున్నాయి, కొకెయిన్ ఉంది, విరామం లేని ప్రయాణాలున్నాయి. మీ లిస్టులోని యోకోజునా 34 ఏళ్లకి పోయాడు. వారియర్ 54కి. ఆండ్రే 46కి. ఆండ్రే ఎత్తుకి "ఫ్రాన్స్ పల్లె ఆహారం" కారణమట! అయ్యా, అది జబ్బు. పిట్యూటరీ గ్రంథి పెరుగుదల హార్మోన్‌ని ఆపకుండా వదిలితే వచ్చే ఆక్రోమెగలీ. ఆ పల్లెలో మిగతావాళ్లు కూడా ఆ పాలే తాగారు కదా?

నాకు ఇంత కోపం ఎందుకంటే, మా అక్క కొడుకుకి పంతొమ్మిదేళ్లు. ఇలాంటివే చూసి పొద్దున ఆరు గుడ్లు, రాత్రి నాలుగు గుడ్లు తిన్నాడు. ఏడాదైనా చెయ్యి అంత లావు కాలేదు. లోపం తనలోనే ఉందనుకున్నాడు. సరిగ్గా అప్పుడే జిమ్‌లో ఒకడు పక్కకి పిలిచి "చిన్న కోర్సు ఉంది" అన్నాడు, స్టెరాయిడ్లదే. అక్క కంట పడింది కాబట్టి సరిపోయింది. గుడ్లతోనే వచ్చిందని అబద్ధం చెబితే, గుడ్లతో రానివాడు తర్వాత ఎక్కడికి వెళ్తాడో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించారా? ఆలోచించరు. దండాల బొమ్మ వెతుక్కోవడానికే టైమ్ సరిపోయి ఉంటుంది.

హోగన్ విషయంలో నాదీ ఒక తప్పుంది. "వాడికి కుస్తీ రాదు" అని చాలా ఏళ్లు వాదించాను. తర్వాత 80ల మొదట్లో జపాన్‌లో ఆడిన మ్యాచ్‌లు చూశాను. వస్తుంది. పట్లు పడతాడు, కింద పడి ఆడతాడు. అమెరికాలో అవేవీ అక్కర్లేక మానేశాడు. చెవి దగ్గర చెయ్యి పెడితేనే హాలు ఊగిపోతుంటే ఎవడు మాత్రం కష్టపడతాడు? జనాన్ని రప్పించడమే కొలత అయితే మొదటి స్థానం అతనికే ఇచ్చేస్తాను.

ఆండ్రే పేరు కూడా కొట్టేయమనను. 1987 నాటి ఆ మ్యాచ్ మొన్న మళ్లీ చూశాను. ఆటగా చూస్తే పరమ నీరసం. కానీ అప్పటికి ఆండ్రేకి వెన్ను ఆపరేషన్ అయి ఎక్కువ కాలం కాలేదు. డ్రెస్సు లోపల నడుముకి పట్టీ ఉంది. అంత బరువున్న మనిషి తనంతట తాను సహకరించకపోతే ఎవరి బైసెప్స్ అయినా చాలవు. లేవలేని నడుముతో లేచి, ఎత్తనిచ్చి, హోగన్‌ని హోగన్‌ని చేసింది ఆండ్రే. రెండో స్థానంలో పెట్టారు కదా, ఒకటో స్థానానికి మార్చి అప్పుడు పంపండి. దండాలు తీసేసి.