క్రీమ్ సిలిండరు గారికి, ఒక బాబాయి రాయునది

మహారాజశ్రీ నైట్రస్ ఆక్సైడ్ (అదే, నవ్వుల గ్యాసు) క్రీమ్ సిలిండరు గారి సముఖమునకు, లండన్ ఈస్ట్ హామ్‌లో మెట్ల కింద నుంచి మిమ్మల్ని మోసుకొచ్చిన బాబాయి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమేం క్షేమంగా లేము. మీరు మాత్రం ఒంటి మీద ఒక్క సొట్ట లేకుండా నిగనిగలాడుతున్నారు. సంతోషం.

ఈ శనివారం మధ్యాహ్నమంతా తమరి ఊరేగింపుకే సరిపోయింది. మా అన్నయ్య కొడుకూ వాడి రూమ్మేట్లూ మత్తు కోసం పీల్చి ఖాళీ చేసి దాచిన తమ వంశాన్నంతా సంచుల్లో వేసి, డిక్కీలో పెట్టి, చెత్త సెంటరుకి తీసుకెళ్ళాను. అక్కడి కుర్రాడు సంచిలోకి తొంగిచూసి రెండడుగులు వెనక్కేశాడు. లోపల కాస్త గ్యాసు మిగిలున్నా చెత్త కాల్చే కొలిమిలో పేలిపోతారట తమరు. పాత ఇనుములో వెయ్యకూడదు, మామూలు చెత్తలో వెయ్యకూడదు, ఇక్కడ దించనే కూడదు. ఫలానా చోటికి తీసుకెళ్ళమన్నాడు. ఆ ఫలానా చోటు శనివారం మధ్యాహ్నం మూసేసి ఉంటుంది. దారి పొడుగునా స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా డిక్కీలో తమరి ఖణేల్ ఖణేల్. ప్రస్తుతం మా గ్యారేజీలో, గడ్డి కోసే మిషను పక్కన సేదతీరుతున్నారు. ఈ విషయమై మా ఆవిడ వేరే లేఖ రాస్తోంది. అది మీకు కాదు, నాకు.

చిల్లర ఫిర్యాదులు ముందు దులిపేసుకుంటాను.

మీరు పుట్టింది క్రీమ్ గిలకొట్టడానికి. బాగుంది. మరి మీలో కొందరికి స్ట్రాబెర్రీ వాసన, పుచ్చకాయ వాసన ఎందుకు పూసినట్టు? కేకులు చేసేవాడికి వాసన కావాలంటే ఎసెన్సు సీసా ఉంది. 2023 నవంబరు 8 నుంచి ఈ దేశంలో మత్తు కోసం మిమ్మల్ని దగ్గర పెట్టుకుంటే 2 ఏళ్ళ దాకా జైలు, ఆ పనికే అమ్మితే 14 ఏళ్ళ దాకా. వంటకైతే దర్జాగా కొనుక్కోవచ్చు. మావాడి ఇంట్లో ఓవెను ఉంది. అందులో మూకుళ్ళూ, కుక్కరూ దాచుకుంటారు. ఆ ఇంటికి క్రీమ్ సిలిండర్లు పెట్టెల లెక్కన దిగుతుంటే, తెచ్చిచ్చే డెలివరీ అబ్బాయికి తప్ప ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంకొకటి. మీ మూతి తెరవగానే గ్యాసు ఒక్క ఉదుటున విచ్చుకుని సున్నాకి ఎంతో కిందకి చల్లబడిపోతుంది. నేరుగా నోరు పెట్టినవాడికి పెదవులూ గొంతూ మంచుకి కాలతాయి. మిమ్మల్ని తొడల మధ్య ఇరికించుకుని బెలూన్లు నింపేవాళ్ళకి తొడల చర్మం కమిలి, అతుకులు వెయ్యాల్సి వస్తోంది. పెద్దాస్పత్రుల్లో కాలిన గాయాల డాక్టర్లు, నిప్పు లేకుండా ఇంత కాలిందేమిటా అని మొదట్లో ఆశ్చర్యపోయారు. ఇప్పుడు తొడ చూడగానే మీ పేరు చెప్పేస్తున్నారు.

అది వదిలేద్దాం. నాకు మింగుడుపడనిది మీ పొట్ట మీద అచ్చువేయించుకున్న ఆ ఒక్క ముక్క: ఫుడ్ గ్రేడ్.

మావాడి సంగతి మీకు చెప్పాలి. శుద్ధ శాకాహారి. బిస్కెట్టు పొట్లం కొంటే వెనక ఉన్న సన్నక్షరాలు చదవందే కౌంటరు దగ్గరికి రాడు. ఆహారంలో కలిపేవాటికిచ్చే నంబర్లలో E471 కనిపిస్తే, ఆ కొవ్వు మొక్కలదా జంతువులదా అని కంపెనీకి మెయిల్ పెట్టిన మనిషి. లండన్ కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువని ఫిల్టరు జగ్గు లేకుండా తాగడు. ద్రాక్షపళ్ళు ఉప్పూ పసుపూ వేసిన నీళ్ళలో నానబెట్టి తింటాడు. అలాంటివాడు మీ ఒంటి మీద E942 అనే నంబరు చూసి, జంతువు కాదు, ఆహారంలో వాడటానికి అనుమతి ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాడు. వాడి నమ్మకం చూస్తే నాకే ముచ్చటేసింది. మీకు సిగ్గేసి ఉండాలి.

ఫుడ్ గ్రేడ్ అంటే క్రీములోకి, క్రీములోంచి కేకు మీదికి, కేకు మీంచి పొట్టలోకి వెళ్ళడానికి పనికొస్తుందని. పొట్టలో ఆమ్లం ఉంది, పక్కన కాలేయం ఉంది, మర్నాడు పొద్దునకల్లా బయటికి పోయే దారీ ఉంది. ఊపిరితిత్తుల్లో ఈ ఏర్పాట్లేవీ లేవు. మీ చిట్టితమ్ముళ్ళు, ఆ 8 గ్రాముల ఉక్కు గోళీలు, ఎలా తయారవుతాయో చూడండి. ఉక్కుని సాగదీసి, మెడ నొక్కి, గ్యాసు దట్టించి, మూతి మూసేస్తారు. మరలకి వేసిన నూనె కాస్త, లోహపు పొడి కాస్త లోపలే ఉండిపోతాయి. మావాళ్ళు 'క్రాకర్' అనే చిన్న గొట్టంలో గోళీని బిగించి తిప్పితే, అందులోని సూది మూతిని చీలుస్తుంది. చీలినప్పుడు రాలిన ముక్కలూ, చవకబారు క్రాకర్ మరలు ఒరుసుకుని రాల్చిన పొడీ, అన్నీ గ్యాసు వెంట బెలూన్లోకి. అక్కడి నుంచి గుండెల నిండా.

ఒంట్లోకి పీల్చిన నూనెని ఊపిరితిత్తులు అరిగించుకోలేవు. గాలిగదుల్లో కాపలా కాసే కణాలు దాన్ని మింగి, అక్కడే ఉబ్బి కూచుంటాయి. ముక్కులో పారఫిన్ నూనె చుక్కలు ఏళ్ళ తరబడి వేసుకున్న ముసలివాళ్ళకి ఈ జబ్బు వచ్చేది, లైపాయిడ్ న్యుమోనియా అంటారు. జాతర్లలో నోట్లో కిరోసిన్ పోసుకుని మంట ఊదేవాళ్ళకి, పొరపాటున గుక్క లోపలికి పోతే ఇలాంటిదే వస్తుంది. వాళ్ళకైనా అది పొట్టకూటి కోసం.

ఆస్పత్రిలో ఉండే మీ దాయాదుల్ని చూడండి. మందుల ప్రమాణాల పుస్తకంలో రాసిన శుద్ధి వాళ్ళకి వర్తిస్తుంది. వేరే గ్యాసు గొట్టానికి తగిలించబోతే పిన్నులు కుదరవు, అసలు బిగుసుకోదు. ఇక్కడ కాన్పు గదిలో నొప్పులకి మా ఆవిడ పీల్చిన 'గ్యాస్ అండ్ ఎయిర్'లో సగం మీ దాయాదులైతే, మిగతా సగం ఆక్సిజనే. బెలూన్లో ఆక్సిజను చుక్క కూడా ఉండదు. కారు ఇంజన్లకి పోసే మీ ఇంకో అన్నగారిలోనైతే, ఎవరూ పీల్చకుండా సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. పీలిస్తే దగ్గి చావాలి. కారుకి ఉన్న పాటి రక్షణ మావాడికి లేకపోయింది. అంతెందుకు, 1799లో బ్రిస్టల్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త ఈ గ్యాసుని తన మీదే ప్రయోగించుకున్నప్పుడు కూడా, తయారుచేసిన గ్యాసుని ముందు నీళ్ళ మీద నిలవబెట్టి, మలినాలు నీళ్ళలోకి దిగాకే పట్టు సంచీలోంచి పీల్చాడు. ఇరవై నిండీ నిండని కుర్రాడు, మత్తు మీద మోజున్నవాడు, అయినా ఆ మాత్రం జాగ్రత్త పడ్డాడు.

మావాడూ పడ్డాడండోయ్. అక్కడికే వస్తున్నా.

వాడికి మొదట్లోనే నాలిక మీద ఇనుము రుచి తగిలింది. బెలూను లోపల తిరగేసి చూస్తే బూడిదరంగు జిడ్డు. వాడు ఊరుకునే రకమా? వాళ్ళమ్మ పెట్టెలో సర్దిన తెల్లటి కాటన్ చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి, క్రాకర్ మూతికి రబ్బరు బ్యాండుతో బిగించాడు. నాకు చూపించాడు కూడా. రుమాలు మధ్యలో రూపాయి బిళ్ళంత నల్లటి మరక, దాని చుట్టూ పసుపురంగు నూనె చార. "చూడు బాబాయ్, మురికంతా ఇక్కడే ఆగిపోయింది." సైన్సు ఎగ్జిబిషన్లో మెడల్ కొట్టేసిన పిల్లాడి మొహం పెట్టాడు. కంటికి కనపడనంత సన్నటి పొడీ, తుంపరా ఆ నేతలోంచి సుబ్బరంగా దాటిపోతాయని చెబితే రెండు రోజులు ఆలోచించి ఇంకో పరిష్కారం కనిపెట్టాడు: గోళీలు మానేసి పెద్ద సిలిండరుకి మారడం. అంటే తమరికి. క్రాకర్ ఉండదు, చీల్చడం ఉండదు, కాబట్టి మురికి ఉండదట. 640 గ్రాములు. అంటే ఒక్కొక్కరిలో 80 గోళీల సరుకు. గోళీ అయితే బిగించాలి, చీల్చాలి, మళ్ళీ ఇంకోటి వెతుక్కోవాలి. ఆ శ్రమకైనా మనిషి ఆగుతాడు. మీకు ఆగడం ఎక్కడుంది? మీట నొక్కితే చాలు. శుభ్రం కోసం మారినవాడు పది రెట్లు పీల్చాడు.

ఆ పది రెట్లలో ఉన్నది మురికి కాదు కదా సిలిండరు గారూ? ఉన్నది మీరే. స్వచ్ఛమైన, రుమాలు ఆపలేని, ఫుడ్ గ్రేడ్ మీరు.

బి12 విటమిన్ నడుమ ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. మీరు లోపలికి రాగానే దాన్ని పాడుచేసి వెళ్ళిపోతారు. ఆ బి12 ఇక పనికి రాదు. దాని సాయంతో నడిచే ఎంజైము ఆగుతుంది, నరాల మీది తొడుగు బాగుచేసే పని ఆగుతుంది, వెన్నుపాము వెనక భాగం దెబ్బతింటుంది. అసలే పప్పూ, కూరా, పెరుగన్నం మీద బతికే మనవాళ్ళలో చాలామందికి బి12 నిల్వలు అంతంతమాత్రం. ఆ కాస్తా మీరు ఊడ్చేశారు.

ముందు కాలివేళ్ళు తిమ్మిరెక్కాయి. చెప్పులు జారిపోతున్నా తెలియలేదు. తల వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టయింది. ఒకరోజు పొద్దున్నే సింకు దగ్గర మొహానికి సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకున్నవాడు మూసుకున్నట్టే పక్కకి ఒరిగి పడ్డాడు. కళ్ళు చెబితే తప్ప తన కాళ్ళు ఎక్కడున్నాయో వాడికి తెలియడం లేదు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఇప్పుడు వార్డులో వాకరు పట్టుకుని నడక నేర్చుకుంటున్నాడు. బి12 ఇంజెక్షన్లు పడుతున్నాయి. గుంటూరు నుంచి మా వదిన వీడియో కాల్లో, "రక్తపరీక్షలో బి12 నార్మలనే వచ్చిందట కదయ్యా, ఆ డాక్టర్లకేం తెలియదు" అంటుంది. రక్తంలో ఉండీ పని చెయ్యకపోవచ్చని, అందుకే బి12 పని చెయ్యకపోతే రక్తంలో పేరుకునే హోమోసిస్టీన్‌ని కూడా వాళ్ళు చూశారని, అది ఆకాశంలో ఉందని ఆవిడకి ఎలా చెప్పను? మిథైల్‌కోబాలమిన్ మాత్రలు కొని, ఎవరో వస్తుంటే ఆవకాయతో పాటు పంపింది. పీల్చడం ఆపకుండా ఆ మాత్రలు మింగినవాళ్ళు కూడా ఇదే వార్డులో చేరుతున్నారని ఆవిడకి నేను చెప్పలేదు. పీల్చిన సంగతే ఆవిడకి తెలియదు. బలహీనత అనుకుంటోంది.

నిన్న డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడి ఓపిగ్గా చెప్పింది. త్వరగా వచ్చావు, చాలావరకు కోలుకుంటావు, కొంత మిగిలిపోవచ్చు, ఇంకొక్క బెలూను ముట్టినా నేను హామీ ఇవ్వలేను అంది. మావాడు శ్రద్ధగా తల ఊపాడు. ఆవిడ అటు వెళ్ళగానే నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అడిగాడు:

"బాబాయ్, అది ఫిల్టరు సరిగ్గా లేకపోవడం వల్లే అంటావా?"

వార్డు కాబట్టి నేనేమీ అనలేదు. నువ్వు గ్యారేజీలో ఉన్నావు కాబట్టి నిన్నే అంటున్నాను. ఒరేయ్ ఇనప వెధవా, పిల్లాడు నీ పొట్ట మీద రాత ఇంకా నమ్ముతున్నాడురా. సోమవారం మా ఆవిడ డ్యూటీకి వెళ్ళగానే నిన్ను మళ్ళీ డిక్కీలో పడేస్తాను. ఈసారి వాళ్ళు తీసుకోకపోతే ఆ గేటు ముందే కూచుంటాను.

ఇట్లు,
వాడి బాబాయి