సవరణ: తాయ్ చీ, మోకాళ్ల నొప్పులు

నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు మీద పొద్దున్నే తాయ్ చీ (నిదానమైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) చేసేవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో "మోకాళ్ల నొప్పులున్నవాళ్లూ చేయొచ్చు" అన్న మాటకు ఈ సవరణ. అది చదివి కొందరు పెద్దవాళ్లు గోడకుర్చీ వేసినంత కిందికి వంగుతున్నారట. దయచేసి అలా వద్దండీ! మోకాలు కాస్త వంగితే చాలు. అది కాలివేళ్లను దాటి ముందుకు పోకూడదు, లోపలికి వాలకూడదు. బరువంతా నిదానంగా ఒక కాలి మీదికి మార్చుకుని, రెండో పాదం తేలికయ్యాకే ఎత్తాలి. పాదం కదలకుండా మోకాలు ఒక్కటే మెలి తిరిగితే నొప్పి పెరుగుతుంది. నిలబడలేనివాళ్లు కుర్చీలో కూర్చునే చేతులు కదిలించుకోవచ్చు.

మోకాలి అరుగుదలకు తాయ్ చీని అమెరికా రుమటాలజీ (కీళ్ల జబ్బుల) వైద్యుల సంఘం 2019లో గట్టిగా సిఫారసు చేసిన మాట నిజమే. తాయ్ చీ చేశాక టెన్షన్ తగ్గింది కదా అని బీపీ మాత్రలు మాత్రం సొంతంగా మానేయకండి.